బల్ల దగ్గర చోటు

మార్చి 17, 2024, ఆదివారం

నిన్న మధ్యాహ్నం ఎన్నికల షెడ్యూలు వచ్చింది. మన రాష్ట్రంలో అసెంబ్లీకీ పార్లమెంటుకీ కలిపి మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. ఈ పొద్దున గుడిలో మగవాళ్ళ వైపు నడుమ ఒక చాప ఖాళీగా మిగిలిపోయింది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళది ఒక పార్టీ, గుమ్మం పక్కన వాళ్ళది ఇంకొకటి. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే సర్దుకున్నారు. ఆడవాళ్ళ వైపు ఇంకా అంత రాలేదు.

దీని మొదలు 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో ఉందంటారు. నేను ఈ పాస్టరేటుకి రాకముందు సంగతి. పేరుకి పార్టీ గుర్తులు లేని ఎన్నికే. ఈ ఊరి సర్పంచి పదవి ఎస్సీలకి రిజర్వయింది. పేటలోంచి ఇద్దరు నిలబడ్డారు. ఇద్దరూ మన సంఘస్థులే, అన్నదమ్ముల బిడ్డలు. వాళ్ళని నిలబెట్టినవాళ్ళూ ఖర్చు పెట్టినవాళ్ళూ మాత్రం పేటవాళ్ళు కారు. వరసకి తమ్ముడైనవాడు గెలిచాడు, అన్న ఓడాడు. అప్పటినుంచి ప్రభువు బల్ల దగ్గరికి తమ్ముడు వస్తే అన్న వరండాలోనే ఆగిపోతాడు.

ఆరాధన అయ్యాక కమిటీని కూర్చోబెట్టి, 1988లో పార్లమెంటు చేసిన మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం గురించి చెప్పాను. గుడి ఆవరణని రాజకీయ ప్రచారానికి వాడినా, వాడనిచ్చినా నేరమే. ఐదేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా ఉన్నాయి. "ఇది మన గుళ్ళకి కూడా వర్తిస్తుందా అయ్యగారూ?" అని కోశాధికారి గారు అడిగారు. గుడికి, మసీదుకి, చర్చికి అన్నిటికీ వర్తిస్తుందన్నాను. చివరికి నాలుగు మాటలు రాసుకుని సంతకాలు పెట్టాం. గుడి, ప్రహరీ లోపలి స్థలం, మైకు, కుర్చీలు ఏ పార్టీకీ ఇవ్వకూడదు. సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవులు, చావు కబుర్లు, కూడికల వేళలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు.

చట్టం పేరు చెబితే ఒప్పుకున్నారు. వాక్యం పేరు చెబితే ఇంత తొందరగా ఒప్పుకునేవాళ్ళు కాదేమో. అయినా ఆ చట్టం పెద్దల వీపుకి ఒక గోడ. రేపు ఊళ్ళో మోతుబరి వచ్చి మైకు అడిగితే "మాకు కుదరదండి, కేసవుతుంది" అని చెప్పుకోవడానికి వాళ్ళకో ఆసరా కావాలి.

మార్చి 22, శుక్రవారం

లెంటు శుక్రవారం కూడిక. అయ్యాక ఒకాయన ఆగి గొంతు తగ్గించి, గుడి నేలకి టైల్స్ వేయించే దాత దొరికాడన్నాడు. ఎవరని అడిగితే పేరు చెప్పలేదు. ఎన్నికలయ్యాక చూద్దాం అన్నాను.

మన గుళ్ళు ఇలాగే చీలుతున్నాయి. ప్రసంగంలో పాస్టరు ఏ పార్టీ మాటా ఎత్తనక్కర్లేదు. ప్రహరీ ఒకరు కట్టిస్తారు, సౌండు బాక్సులు ఇంకొకరు ఇస్తారు, శంకుస్థాపన ఫలకం మీద పేరు చెక్కిస్తారు. ఆ తర్వాత ఆ పేరు గిట్టని మనిషి ఆ గుడిలో పరాయివాడైపోతాడు. పాస్టరు ఎవరికీ రుణపడి ఉండకపోవడమన్నది సంఘాన్ని కలిపి ఉంచే పనిలో సగం అని నా నమ్మకం. ఎవరి రుణంలోనో ఉన్నవాడు నేను అందరివాణ్ణని ఎంత ఒట్టు పెట్టుకున్నా జనం నమ్మరు.

ప్రభుత్వం పాస్టర్లకి నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తోంది. మా డయాసిస్ జీతం ఉన్న నాలాంటివాడు అది వద్దనుకోవడం తేలిక. కాలవ అవతల రేకుల షెడ్డులో ముప్పై మందితో సంఘం నడుపుకునే పాస్టరు తమ్ముడికి ఆ ఐదువేలే బియ్యమూ, పిల్లల ఫీజూను. అతను తీసుకుంటున్నాడని వేలెత్తి చూపను. కానీ అందుకు ప్రతిగా మైకులో ఓటు అడగమన్నారని అతను చెబుతుంటే మాత్రం కడుపు మండింది.

ఏప్రిల్ 4, గురువారం

గ్రామ వాలంటీర్లు పింఛను పంచకూడదని మార్చి 30న ఎన్నికల సంఘం ఆదేశమిచ్చింది. నిన్నటినుంచి ముసలివాళ్ళంతా గ్రామ సచివాలయానికి నడిచి వస్తున్నారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. పదింటికి వెళ్ళి చూస్తే గోడ నీడలో ముప్ఫై మంది దాకా ఉన్నారు, నించోలేక చతికిలబడ్డవాళ్ళే ఎక్కువ.

యూత్ కుర్రాళ్ళని పిలిచాను. ఏ ఇంటి కుర్రాడు ఏ పార్టీయో నాకు తెలుసు కనక, జతకి ఇటునుంచి ఒకణ్ణి, అటునుంచి ఒకణ్ణి పెట్టాను. ఒకళ్ళు కుండలతో నీళ్ళు మోశారు, ఒకళ్ళు బండి మీద మామ్మల్ని దింపి మళ్ళీ ఎక్కించుకు వెళ్ళారు. పని మధ్యలో వాళ్ళు మాట్లాడుకోక తప్పలేదు. "ఒరే, ఆ తాతని నువ్వు పట్టుకో, నేను గొడుగు పడతా" లాంటి మాటలే. అవి చాలు.

వాలంటీరుగా చేసిన మన అమ్మాయి ఒకతి ఉంది, పాటల గుంపులో ముందు నిలబడి పాడే పిల్ల. నాలుగేళ్ళకి పైగా తనకిచ్చిన యాభై ఇళ్ళకీ ఒకటో తారీఖు తెల్లవారుజామునే పింఛను ఇచ్చి వచ్చేది. ఇప్పుడు ఒక వర్గం ఆ పిల్లని పార్టీ మనిషి అంటోంది, రెండోది రాజీనామా చేసి ప్రచారానికి రమ్మంటోంది. ఆదివారం పాటకి రాలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ టీ ఇచ్చింది. అమ్మాయి చాలాసేపు తల వంచుకుని కూర్చుని, "గుడిలో కూడా నన్ను అదోలా చూస్తున్నారండీ" అంది. ఈ ఆదివారం పాట నువ్వే ఎత్తుకోవాలమ్మా, నేను నీ పక్కనే నిలబడతాను అన్నాను.

ఏప్రిల్ 19, శుక్రవారం

నిన్న నోటిఫికేషన్ వచ్చింది. ఈ రోజు రాసుకోవాల్సింది చాలా ఉంది.

పొద్దున్నే అన్న తరఫు మనిషి ఒకడు వచ్చి బాప్తిస్మ రిజిస్టరులో సర్పంచి తమ్ముడి పుట నకలు కావాలన్నాడు. ఎందుకో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న ఎస్సీకి ఆ హోదా పోతుంది. ఆ ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు కాగితం మీద బీసీ-సీ, అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. పేటలో గుడిసె అదే, కులం పేరుతో తిట్టే తిట్టు అదే, దూరంగా పెట్టే గ్లాసు అదే. మందిరంలో అడుగు పెట్టడంతో సర్టిఫికెట్ ఒక్కటి మారాలి. తరతరాలుగా మనవాళ్ళు ఈ భయంతోనే బతుకుతున్నారు. రిజిస్టరు పుట బయటికి వెళ్ళిందంటే ఒక మనిషి పదవి పోతుంది, ఇంకో ఇంట్లో పిల్లాడి ఉద్యోగం పోతుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ తమ్ముడి తరఫువాళ్ళు వచ్చారు. వాళ్ళకి అన్న కొడుకు పుట కావాలట. ఆ కుర్రాడు ఏదో పోస్టుకి ఎంపికై కాగితాల పరిశీలనలో ఉన్నాడు.

రెండు వర్గాలకీ చెప్పింది ఒకటే. ఎవరి పుట వాళ్ళు అడిగితే వాళ్ళకి ఇస్తాను. కోర్టు అడిగితే కోర్టుకి చూపిస్తాను, దాచను, దిద్దను. ఒకరి పుట ఇంకొకరి చేతికి మాత్రం ఇవ్వను. తమ్ముడి తరఫున వచ్చిన పెద్దాయనకి కోపం వచ్చింది. "మీరు వాళ్ళ మనిషి అయిపోయారండి" అన్నాడు. పొద్దున వచ్చినవాడూ అచ్చం ఇదే మాట అని వెళ్ళాడు.

రాత్రి బీరువా తీసి పాత రిజిస్టరు బయటికి తీశాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో తడిసి ఆరిన పుస్తకం. అట్ట ఉబ్బిపోయింది, సిరా చెదిరింది. ఒక పుటలో ఈ ఇద్దరి తాత పేరు ఉంది. ఆ కింద సాక్షిగా వేలిముద్ర వేసింది ఆయన అన్నే. ఈ పుస్తకం పుట్టింది ఒక మనిషిని సంఘంలో చేర్చుకున్నామని రాయడానికి. ఆ రాతనే పట్టుకుని మనిషిని పడగొట్టాలని చూస్తే, అది ఏ పార్టీవాడు చేసినా నేను సాగనివ్వను. ఆ ఉత్తర్వు అన్యాయమని నా అభిప్రాయం, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. అది మార్చాల్సింది ఢిల్లీలో. అంతదాకా దాన్ని కత్తిగా పట్టుకుని సొంత పినతండ్రి కొడుకు మీదికి వెళ్ళకుండా ఆపాల్సింది మాత్రం ఇక్కడే.

రేపు రెండిళ్ళకీ వెళ్ళాలి, వేరు వేరుగా.

ఏప్రిల్ 28, ఆదివారం

ఒక అభ్యర్థి మనుషులు వచ్చి ఆరాధనలో ప్రార్థన చేయించుకుంటామన్నారు. ఆరాధన అయ్యాక రమ్మన్నాను. ఆయన వచ్చాక గుమ్మం బయట చెట్టు కింద ప్రార్థన చేశాను. మైకు లేదు, దండలు లేవు, ఫొటో వద్దన్నాను. ఆయన ఆరోగ్యం కోసం, గెలిస్తే పేదవాణ్ణి మరవకుండా ఉండటం కోసం, ఓడితే పగ పెట్టుకోకుండా ఉండటం కోసం. రెండో పార్టీ ఆయన వచ్చినా ఇదే చెట్టు, ఇదే ప్రార్థన అని కమిటీకి చెప్పాను. మతం పేరుతో ఓటడిగితే ఆ ఎన్నికే చెల్లకుండా పోవచ్చని ప్రజా ప్రాతినిధ్య చట్టం చెబుతోంది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం నలుగురి మాటగా దాన్ని ఇంకా గట్టి చేసింది. ఓటరు మతం పేరు ఎత్తినా ఆ లెక్కలోకే వస్తుంది.

మన ముందువాళ్ళు దీన్ని ఇంతకంటే లోతుగా ఆలోచించారు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయినవారు, క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించారు. సంఘం ఓట్ల మూటగా మారితే పక్కింటివాడికి సువార్త చెప్పే నోరు పోతుందని ఆయన బాధ. రాజ్యాంగ సభలోనూ హెచ్.సి. ముఖర్జీ లాంటి క్రైస్తవ నాయకులు మైనారిటీ మతాలకి సీట్ల రిజర్వేషన్ అక్కర్లేదన్న వైపే నిలబడ్డారు. అది సరైన నిర్ణయమా కాదా అన్నది ఇప్పటికీ తెగని వాదమే. వాళ్ళు సంఘాన్ని ఎవరికీ గంపగుత్తగా రాసి ఇవ్వలేదు. నాకు కావలసింది అది.

మే 6, సోమవారం

బెల్‌ఫాస్ట్‌లోని క్లోనార్డ్ మఠంలో ఉండిన ఫాదర్ అలెక్ రీడ్ గురించి రాత్రి మళ్ళీ చదివాను. ఐర్లండ్ గొడవల్లో ఒకరి మొహం ఒకరు చూడని రాజకీయ నాయకుల మధ్య ఏళ్ళ తరబడి ఉత్తరాలు మోసినాయన. 1988 మార్చిలో గుంపు కొట్టాక ఐఆర్ఏ సాయుధులు కాల్చి చంపిన ఇద్దరు బ్రిటిష్ సైనికుల పక్కన మోకరించి ఆఖరి ప్రార్థన చేసినప్పుడు కూడా ఆయన దగ్గర అలాంటి కాగితాలున్న కవరు ఒకటి ఉంది. దాని మీద రక్తం పడింది. కవరు మార్చి ఆ కాగితాలు చేరవలసిన చోటికి చేర్చాడు. 2005లో ఐఆర్ఏ ఆయుధాలు వదిలేసినప్పుడు సాక్షులుగా నిలిచింది ఆయనా, హెరాల్డ్ గుడ్ అనే మెథడిస్టు పాస్టరూను. ఒకరు కాథలిక్కు, ఒకరు ప్రొటెస్టెంటు.

నా చేతిలో ఉన్నది రెండిళ్ళ తగువు. మోయాల్సిన మాటలు చిన్నవి. అన్న అంటున్నాడు: "మా నాన్న భూస్థాపనకి వాడు రాలేదండి." తమ్ముడు అంటున్నాడు: "రావద్దని వాళ్ళవాళ్ళే కబురు పెట్టారండి." ఆ కబురు పెట్టింది పేట బయటి మనిషని ఇద్దరికీ తెలియదు. ఈ వారం అది విడివిడిగా ఇద్దరి చెవినా వేశాను. ఇద్దరూ ఏమీ అనలేదు.

మే 12, ఆదివారం

రేపే పోలింగు. నిన్న రాత్రి పేటలో డబ్బు పంచారు, రెండు వైపులనుంచీ. గుడిలోకి వెళ్ళకముందే స్త్రీల సమాజం వాళ్ళు నన్ను చుట్టుముట్టారు. "బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నారండీ. ఇప్పుడు వేరేవాళ్ళకి వేస్తే పాపమా?" ముసలావిడ ఒకావిడ వణికిపోతోంది.

ఓటుకి డబ్బు ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమే, తీసుకోవద్దనే చెబుతూ వస్తున్నాను. ఆ మాట మళ్ళీ చెప్పాను. కానీ ఆ మామ్మకి ఆ క్షణాన కావలసింది అది కాదు. "మామ్మా, నీ చేత బలవంతంగా చేయించిన ఒట్టు దేవుడి దగ్గర చెల్లదు. పాపమేదైనా ఉంటే బైబిల్ని ఆ పనికి వాడినవాడిది. నువ్వు లోపలికి వెళ్ళి నీ మనసుకి తోచినట్టు నొక్కు, ఎవరికీ చెప్పకు, నాకు కూడా చెప్పకు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ప్రసంగానికి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం తీసుకున్నాను. ఆ సంఘంలో కలిగినవాళ్ళు ముందే వచ్చి కడుపునిండా తినేసేవాళ్ళు, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చిన లేనివాళ్ళకి ఏమీ మిగిలేది కాదు. పౌలు కోపమంతా ఆ ఆకలి గురించే. మనం ఆ అధ్యాయాన్ని బల్ల తీసుకునే ముందు మన పాపాలు తలచుకోవడానికి మాత్రమే వాడుకుంటున్నాం. పక్కవాడు తిన్నాడా లేదా అన్నదే అక్కడి పరీక్ష అని చెప్పాను. మణిపూర్లో గుళ్ళు కాలి ఏడాది దాటిందని, వాళ్ళ కోసం ప్రార్థించకుండా ఉండలేమని కూడా చెప్పాను. అది ఒక పార్టీకి తగులుతుందని తెలుసు. ఇళ్ళ స్థలాల జాబితాలో ఎదటి పార్టీవాళ్ళ పేర్లు కొట్టేయించడం దొంగతనమని చెప్పాను. అది రెండో పార్టీకి తగిలింది. అన్యాయం గురించి నోరు మూసుకుంటే సంఘం కలిసి ఉంటుందని కొందరు పాస్టర్ల నమ్మకం. అలా మూసుకున్న నోరు దెబ్బ తిన్నవాణ్ణి ఒంటరిని చేస్తుంది. మాట్లాడాలి, ఏ పక్షానిదైనా ఒకే గొంతుతో మాట్లాడాలి.

మే 14, మంగళవారం

భయపడినంతా అయింది. రాత్రి బూత్ మూసేవేళకి రాళ్ళు పడ్డాయి. అన్న వాళ్ళ మేనల్లుడికి నుదుటి మీద ఏడు కుట్లు. కేసులో ఉన్నవాళ్ళలో మన కీబోర్డు వాయించే కుర్రాడొకడు. పల్నాడు వైపు ఇంకా ఘోరంగా ఉందని, 144 సెక్షన్ పెట్టారని టీవీలో చెబుతున్నారు.

ముందు ఆసుపత్రికి వెళ్ళాను. తర్వాత స్టేషన్‌కి, ఆ తర్వాత కీబోర్డు కుర్రాడి ఇంటికి. వాళ్ళమ్మ గుమ్మంలోనే కూలబడింది. "కేసు వదిలేసుకోమని మీరన్నా చెప్పండి అయ్యగారూ." ఊరి పెద్దలు కూడా అదే అడిగారు, ఒక గంటలో రాజీ చేసేద్దామని.

నేను చెప్పనన్నాను. దెబ్బ తిన్న కుర్రాడు కేసు ఉంచుకుంటాడా వదులుకుంటాడా అన్నది అతని ఇష్టం. 1991 ఆగస్టు 6 చుండూరు హత్యల తర్వాత ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళకి తెనాలి సాల్వేషన్ ఆర్మీ ఆవరణ చోటిచ్చింది. ఆ జ్ఞాపకం ఉన్న ప్రాంతం ఇది. రాజీ అన్న మాట ఇక్కడ ఎప్పుడూ బలహీనుడి మీదికే వస్తుంది. సంఘంలో సమాధానం కావాలని అడిగే పాస్టరు న్యాయాన్ని దానికి ఎదురు పెట్టకూడదు. ఆ తల్లికి చెప్పింది ఒక్కటే: మీవాడికి వకీలుని చూసే పనిలో నేనూ వస్తాను, కుట్లు పడ్డవాడి ఇంటికి మీరూ నాతో రండి. ఆవిడ సాయంత్రం వచ్చింది, చీర కొంగు నోట్లో కుక్కుకుని. ఆ ఇంటివాళ్ళు తిట్టారు. తిట్టనిచ్చాం. లేచి వచ్చేటప్పుడు ఆ ఇంటావిడ మంచినీళ్ళు ఇచ్చింది.

జూన్ 2, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం, బల్ల. ఎల్లుండి ఫలితాలు. గెలుపోటములు తెలియకముందే ఒకసారి అందరూ రొట్టె తినాలన్న పట్టుదలతో ఇంటింటికీ కబురు పెట్టాను.

మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆరాధన క్రమంలో సమాధానం ఇచ్చిపుచ్చుకునే భాగం ఒకటుంది. 1950లో, మన సంఘాలు ఒకటై సి.ఎస్.ఐ. ఏర్పడిన కొత్తలో, కేరళలోని సిరియన్ సంఘాల ప్రాచీన పద్ధతి చూసి చేర్చుకున్నది. ఇచ్చేవాడి కుడి అరచెయ్యి పుచ్చుకునేవాడి కుడి అరచేతికి తాకాలి, ఎడమచెయ్యి పైన కప్పాలి. బల్ల దగ్గర మొదలై చేతినుంచి చేతికి సంఘమంతా పాకాలి. తొందరలో మేము దీన్ని నమస్కారంతో సరిపెట్టేస్తున్నాం. ఈ రోజు అలా వదల్లేదు. చాప చాపకీ చేరేదాకా ఆగాను. చాలాసేపు పట్టింది. ఎండ, ఉక్క, పిల్లల ఏడుపులు. నడుమ ఖాళీ చాప దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అప్పుడు ఆ వాలంటీరు పిల్ల పాటల గుంపులోంచి వచ్చి, కుట్లు పడ్డ కుర్రాడి తల్లికి ఇచ్చింది. అక్కడినుంచి మళ్ళీ కదిలింది.

అన్న వరండాలోనే ఉన్నాడు. సమాధానం ఇవ్వడానికి నేనే అక్కడికి వెళ్ళాను. అరచెయ్యి చాపాడు. బల్లకి మాత్రం రాలేదు. రమ్మని అడగలేదు. రొట్టె, పాత్ర అక్కడికి తీసుకెళ్తే తింటాడా అన్న ఆలోచన వచ్చింది. కానీ అలా చేస్తే అతనికి వేరే బల్ల వేసినట్టవుతుంది. అతని చోటు లోపలే ఉంది, అది అలాగే ఉండాలి.

జూన్ 5, బుధవారం

అసెంబ్లీలో కూటమికి 164 సీట్లు, ఎదటివాళ్ళకి 11. పోయినసారి వాళ్ళవి 151. గాలి ఎంత తిరిగిందో! అన్న పార్టీ గెలిచింది. నిన్న మధ్యాహ్నం లెక్కింపు ఇంకా సాగుతుండగానే అతని ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. "గెలిచినవాళ్ళు గుడి సందులో టపాకాయలు కాల్చకూడదు. తమ్ముడి ఇంటి ముందు డప్పు ఆపకూడదు. ఇది నువ్వే చెయ్యగలవు, ఇంకెవరు చెప్పినా వినరు" అన్నాను. అతను చాలాసేపు సెల్లు చూస్తూ ఉండిపోయాడు. రాత్రి ఊరేగింపు చెరువుగట్టు మీదుగా పోయింది, సందులోకి రాలేదు. కేక్ ముక్క ఒకటి నాకు పంపారు. పిల్లలకి పెట్టేశాను.

ఓడినవాళ్ళ దగ్గర కూర్చోవడమే ఈ వారం అసలు పని. వాళ్ళకి భయం: పింఛన్లు తీసేస్తారా, కేసులు పెడతారా, ఉపాధి హామీ మేట్‌ని మారుస్తారా. పేదవాడికి పార్టీ అంటే ఈ మూడే. పాస్టర్లు దీన్ని ద్వేషం అని, అజ్ఞానం అని కొట్టిపారేస్తే తగువు మొదలు ఎక్కడుందో ఎన్నటికీ దొరకదు.

జులై 3, బుధవారం

మొన్న ఒకటిన సచివాలయం ఉద్యోగులే ఇళ్ళకి వచ్చి పింఛను ఇచ్చారు. 4,000కి పెంచినదీ, వెనకటి మూడు నెలల తేడా కలిపి 7,000. మామ్మలంతా సంబరంగా ఉన్నారు. వాలంటీరు పిల్లకి పని లేదు. అడిగేవాళ్ళూ లేరు. గెలిచిన పక్షపు సంఘ పెద్ద ఒకరు తానే వచ్చి, టౌన్లో తనకి తెలిసిన బట్టల షాపులో లెక్కలు రాసే పని ఉందన్నారు. ఆయన ఎందుకు చేశారో నేను అడగలేదు.

ఆగస్టు 4, ఆదివారం

మొన్న ఒకటిన సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకి ఒప్పుకుంది, ఏడుగురిలో ఆరుగురు. ఈ రోజు గుడిలో కొత్త గీత. ఈసారి పార్టీ లెక్క కాదు, మాలలు, మాదిగలు. నెల రోజులుగా కలిసి కూర్చుంటున్నవాళ్ళలో కొందరు విడిపోయారు, విడిపోయిన కొందరు కలిశారు. వర్గీకరణ కోసం మాదిగల ముప్ఫై ఏళ్ళ పోరాటం వెనక ఉన్న ఆకలి నిజం. ఉన్న కాస్తా పోతుందన్న భయమూ నిజమే. బుధవారం రాత్రి రెండు పేటల పెద్దల్నీ పాస్టరేట్ హాల్లో కూర్చోబెడుతున్నాను. ప్రసంగం ఉండదు. ఒక్కొక్కళ్ళు తమ ఇంట్లో ఎవరు ఎంతదాకా చదివారో, ఏ ఉద్యోగం వచ్చిందో, రాలేదో చెప్పాలి. మిగతావాళ్ళు వినాలి. ఎదురు చెప్పకూడదు.

డిసెంబరు 26, గురువారం

నిన్న క్రిస్మస్. కేరల్స్ గుంపు రెండిళ్ళకీ వెళ్ళింది. తోడికోడళ్ళు ఇద్దరూ కలిసి అరిసెలు వండారు, మగవాళ్ళు ఇంకా మాట్లాడుకోవడం లేదు. తమ్ముడు లోపల, అన్న గుమ్మంలో. వరండా నుంచి గుమ్మం దాకా వచ్చాడు. రాళ్ళ కేసు నడుస్తోంది.

జనవరి 10, 2025, శుక్రవారం

మండలంలోని పాస్టర్లం అందరం టౌన్లో కలిశాం. మా సి.ఎస్.ఐ. వాళ్ళు, లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకోస్తువాళ్ళు, రేకుల షెడ్డు తమ్ముడు కూడా. పంచాయతీ ఎన్నికలు మళ్ళీ వచ్చేలోగా ఏం చెయ్యాలన్నదే మాట. మూడు కుదిరాయి. పార్టీ పదవి ఉన్నవాళ్ళు ఆ పదవిలో ఉన్నంతకాలం సంఘం లెక్కలు చూడకూడదు. బాప్తిస్మ రిజిస్టరు విషయంలో అన్ని సంఘాలదీ ఒకే పద్ధతి. అభ్యర్థుల ప్రార్థన ఎక్కడైనా గుమ్మం బయటే.

నాలుగోది కుదరలేదు. గౌరవ వేతనం తీసుకునే పాస్టర్లు దాన్ని వదులుకోవాలని ఒకాయన పట్టుబట్టాడు. రేకుల షెడ్డు తమ్ముడు లేచి, "వదిలేస్తానండి. నా పిల్లలకి ఎవరు పెడతారు?" అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. జీతాలున్న సంఘాలు పంట కానుకల్లో పదో వంతు పక్కన పెట్టి, ఏ ప్రభుత్వం చేతికీ చూడాల్సిన అవసరం లేకుండా ఇలాంటి ఇళ్ళని నిలబెట్టాలని నేను అడిగాను. రెండు సంఘాలు ఒప్పుకున్నాయి, మిగతావాళ్ళు కమిటీలని అడిగి చెబుతామన్నారు. మా కమిటీని ఆదివారం నేను అడగాలి. కోశాధికారి గారు ఒప్పుకోరు. ముందు ఆయన ఇంటికి వెళ్ళి కూర్చోవాలి.